టైపక్క చేతులు

ముప్పై రెండేళ్లుగా ఆ ఆఫీసులో టైపు చేస్తున్న ఆవిడని పెద్దసారు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ టైపక్క అనే పిలుస్తారు. ఇళ్లు కట్టుకునేవాళ్లకి అనుమతులిచ్చే ఆఫీసు అది. ఎక్కడైనా గోడ ఒక అడుగు ముందుకు జరిగినా, మేడ ఒక అంతస్తు పైకి లేచినా, అక్కణ్ణుంచి ఒక కాగితం బయల్దేరుతుంది. ఆ కాగితం టైపక్క వేళ్ల కిందినుంచే వెళ్లాలి.

ఆవిడ వేగం గురించి చెప్పుకునేవాటిలో సగం నిజం, మిగతా సగం అంతకంటే నిజం. టైపు మిషన్ల రోజుల్లో ఆవిడ పని మొదలుపెడితే పక్కగదివాళ్లు వాన పట్టుకుందనుకొని గొడుగులు వెతుక్కునేవారట. ఒక అధికారి ఉత్తరం చెబుతూ చెబుతూ తుమ్మితే, ఆ తుమ్ము పూర్తయ్యేలోపు కింద "ఇట్లు, మీ విధేయుడు" కూడా పడిపోయిందట. తుమ్ము కూడా ఉత్తరంలో అచ్చయిందని కొందరంటారు గానీ, అది మాత్రం కల్పన. కంప్యూటరు వచ్చాక చప్పుడు తగ్గింది, వేగం తగ్గలేదు. పక్క సీటావిడతో కూరగాయల సంగతి మాట్లాడుతూనే నాలుగు పేజీలు తప్పు లేకుండా లాగించేసేది.

అలాంటి ఆవిడ కంప్యూటరు ఒక సోమవారం పొద్దున తనంతట తానే టైపు చేసుకోవడం మొదలుపెట్టింది.

ఒక నోటీసు సగంలో ఉండగా తెరమీద "గగగగగగ" అంటూ ఒక వరస పరిగెత్తింది. టైపక్క ఉలిక్కిపడి ఏదో మీట నొక్కింది. ఆగిపోయింది. చెరిపేసి పని కానిచ్చింది. గంట తర్వాత మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం రెండుసార్లు. బుధవారంనాడు ఒకటి ఆవిడ కళ్లు కప్పి బయటికి వెళ్లిపోయింది. గురువారం ఒక పెద్దమనిషి నోటీసు చేత్తో పట్టుకొని నేరుగా పెద్దసారు గదిలోకొచ్చాడు.

"అయ్యా, నా ప్రహరీ గోడ రోడ్డుమీదికి వచ్చిందన్నారు, సరే, వెనక్కి జరుపుతాను. దానికి ఇలా గగగగ అని గర్జించాలా?"

పెద్దసారు నవ్వాపుకొని ఆయన్ని పంపించేశాడు. తర్వాత టైపక్కని పిలిచి, "మెకానిక్‌ని రమ్మందాం లెండి" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనమే ఆవిడకి గుచ్చుకుంది.

మెకానిక్ వచ్చాడు. నలభై దాటినవాడు, కళ్లజోడు నుదుటిమీద పెట్టుకొని దానికోసం జేబులన్నీ వెతుక్కునే రకం. లోపల వైరస్ ఉందన్నాడు, సరుకంతా తుడిచి కొత్తగా ఎక్కించాడు. మర్నాడు "గగగగ" తిరిగొచ్చింది. మళ్లీ వచ్చి కీబోర్డు మార్చాడు. కొత్త కీబోర్డుతో అరగంట కూడా గడవకముందే "గగగగ".

ఆఫీసులో వేళాకోళానికి కొదవ లేకపోయింది. "నువ్వు ముప్పై రెండేళ్లు నేర్పావుగా టైపక్కా, ఇక దాన్ని సొంతంగా కొట్టుకోనీ" అంది పక్క సీటావిడ. "చచ్చిపోయిన పాత సారు ఇంకా ఉత్తరాలు చెబుతున్నాడు, ఆయనకి గొంతులో గరగర ఉండేదిగా" అన్నాడు ఇంకొకాయన. టైపక్క అందరితోపాటు నవ్వింది.

కానీ ఆవిడ లెక్క వేరే ఉంది. లోపలి సరుకు మారింది, కీబోర్డు మారింది; మారనివి తన చేతులే.

ఆవిడ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆవగింజంత స్క్రూని పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి దాని చోట్లో దించేవాడు. యాభై ఏడో ఏట ఒకరోజు ఆ స్క్రూ జారింది. మర్నాడూ జారింది. మూడోరోజు ఆయన పెట్టె మూసేసి, ఇంక తెరవలేదు. తర్వాత పన్నెండేళ్లు బతికాడు, ఎవరు టైమెంతని అడిగినా మొహం తిప్పుకొనేవాడు. టైపక్కకి ఇప్పుడు యాభై ఏడు.

ఇంట్లో భర్త దుకాణానికి వెళ్లాక వంటగదిలో నిలబడి, నిండా నీళ్లు పోసిన గ్లాసు చాచిన చేత్తో పట్టుకొని చూసుకునేది. నీళ్లు కదిలేవి. అంత నిండుగా పోస్తే ఎవరి చేతిలోనైనా కదులుతాయి. ఆ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆవిడ ఎవరినీ అడగలేదు.

ఆ తర్వాతి శుక్రవారం ఒక అర్జీ రాసి పెద్దసారుకిచ్చింది: ఆరోగ్యం సరిగా లేనందున తనని టైపు సీటునుంచి తీసి, కవర్లమీద ముద్రలు వేసే విభాగానికి పంపవలసిందని.

పెద్దసారు రెండుసార్లు చదివాడు. "తొందర పడుతున్నారేమో?"

"లేద్సార్. ఆలోచించే రాశాను."

"సరే. సాయంత్రం నాలుగింటికి ఉత్తర్వు పంపిస్తాను." తల గోక్కున్నాడు. "కానీ ఆ ఉత్తర్వు టైపు చెయ్యాలిగా. ఇక్కడ టైపు చేసేది మీరొక్కరే."

"నేనే చేస్తాలెండి సార్" అందావిడ. తన సీటుకి తానే తాళం వేసుకోవడమంటే ఇదే కాబోలు అనుకుంది.

ఉత్తర్వు మొదలుపెట్టబోతుండగా మెకానిక్ వచ్చాడు. పిలవకుండా రావడం ఇదే మొదటిసారి.

"రెండుసార్లు ఓడిపోయానక్కా. అన్నం తింటున్నా అదే గుర్తొస్తోంది. మా ఆవిడ, పప్పులో గగగగ కనపడుతోందా అని ఎగతాళి చేస్తోంది."

"వద్దు తమ్ముడూ, వదిలెయ్. తప్పు మిషన్‌లో లేదు."

"మరి ఎందులో ఉంది?"

టైపక్క చేతులు రెండూ బల్లకింద పెట్టుకుంది.

మెకానిక్ అది చూశాడో లేదో తెలియదు. వెనక్కి వంగి కీబోర్డు తీగ పీకేశాడు. కీబోర్డుని తీగతో సహా తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. "ఇదిగో, పట్టుకో. ఇప్పుడు దీనికీ దానికీ సంబంధం లేదు. తెల్ల కాగితం తెరిచి కూర్చుందాం."

"ఎందుకు?"

"ఊరికే. నేను టీ తాగాలి, నువ్వు తెర చూడాలి."

ఇద్దరూ కూర్చున్నారు. తెరమీద తెల్ల కాగితం, దానిమీద కొట్టుకుంటున్న సన్నటి గీత. మెకానిక్ తన కోతలు మొదలుపెట్టాడు. ఒక ఇంట్లో కంప్యూటరు విప్పితే పిల్లి మూడు పిల్లలతో కాపురముందట. బయటికి తీస్తే కంప్యూటరు ఆగిపోయింది, లోపల పెడితే నడిచిందట. టైపక్క సగమే వింది. పావుగంటైంది. అరగంటైంది. ఫ్యాను తిరుగుతోంది. పక్కగదిలో ఏదో ధబ్బుమంది.

గగగగగగగగగగగ.

అక్షరాలు కాగితం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పోయి, కింది వరసలోకి దిగి ఇంకా పోతున్నాయి. టైపక్క చూపు తెరమీదినుంచి ఒళ్లోకి దిగింది. తన రెండు చేతులూ కీబోర్డు అంచుల్ని పట్టుకొని ఉన్నాయి. తీగ నేలమీదికి వేలాడుతోంది. పది వేళ్లనీ ఒక్కొక్కటే చూసుకుంది. ఒక్కటీ కదలడం లేదు.

"నేను కాదు" అంది. "తమ్ముడూ, నేను కాదు."

"నువ్వని ఎవరన్నారక్కా?" అన్నాడు మెకానిక్, బల్లకిందికి దూరుతూ. కాసేపటికి అక్కణ్ణుంచే కేకేశాడు. "ఇదేంటి, వెనకాల చిటికెన గోరంత బుడిపె? తీగలేని మౌసుదనుకొని రెండుసార్లూ వదిలేశాను. నా బుద్ధి మండా, నీ మౌసుకి తోక ఉందిగా!"

బుడిపె పీకాడు. అక్షరాలు ఆగిపోయాయి. పెట్టాడు. రాలేదు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అంతలో పక్కగదిలో మళ్లీ ధబ్బు, తెరమీద మళ్లీ "గగగగ".

మధ్యలో ఉన్నది చెక్క గోడ. దాని అవతల పాత ఫైళ్ల గది. దాన్ని చూసుకునేది దస్తాల బాబాయ్. ఫైళ్లని దస్తాలుగా కట్టీకట్టీ ఆయన నడుము కూడా దస్తాలాగే నలుచదరమైపోయింది. పాపం, ఇంత గందరగోళం జరుగుతున్నా ఆయన చెవిన పడలేదు, ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు గనక. వీళ్లు వెళ్లేసరికి గోడవారగా ఉన్న అరలో, గుడ్డ చుట్టిన దేనిమీదో ఒక లావుపాటి ఫైలు సర్దుతున్నాడు.

"బాబాయ్, ఆ ఫైలు కింద ఏముంది?" అంది టైపక్క.

"అదా? గుడ్డలో చుట్టి పెట్టాను. నీదేనమ్మా. రెండేళ్ల కిందట తీగలేని కీబోర్డు వచ్చిందిగా, మీగడమీద వేళ్లు పెట్టినట్టుందని నాలుగు రోజులకే తిరిగిచ్చేశావు."

కీబోర్డు తిరిగిచ్చింది గానీ, దానితోపాటు వచ్చి, దాని మీటల కబురు తీగలేకుండా అందుకునే బుడిపె సంగతి ఆవిడకి తట్టలేదు. అది కంప్యూటరు వెనకాలే ఉండిపోయింది.

"రెండేళ్లయితే దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయుండాలే!" అన్నాడు మెకానిక్.

దస్తాల బాబాయ్ మొహం ఎర్రబడింది. "నా గదిలో ఏదీ చావదయ్యా. రిజిస్టర్లో దాని పక్కన 'పనిచేయు స్థితిలో ఉన్నది' అని రాశాను. తనిఖీకొచ్చినవాడు నొక్కి చూస్తే? నేను అబద్ధం రాసినవాణ్ణవుతానా లేదా? అందుకే ఆర్నెల్లకోసారి బ్యాటరీలు మారుస్తాను."

"నువ్వు మార్చావు సరే, మరి ఇన్నాళ్లూ ఊరుకుందే ఇది?" అంది టైపక్క.

"ఇన్నాళ్లూ ఆ చివర పెద్ద బీరువాలో ఉండేది. సున్నాలు వేస్తామని ఈమధ్య అన్నీ ఇటు జరిపించారుగా. ఏం, ఏమైంది?"

ఫైలు ధబ్బున పడినప్పుడల్లా కింద మీట నొక్కుకొని ఏమైందో విని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అంటే ఆ గోడాయనమీద గర్జించింది నేనా?"

టైపక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. బీరువా పట్టుకొని నవ్వింది, కళ్లు తుడుచుకొని మళ్లీ నవ్వింది. చివరికి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక మగవాళ్లిద్దరూ కంగారుపడి, ఒకాయన మంచినీళ్లకీ ఇంకొకాయన కుర్చీకీ పరిగెత్తారు.

నాలుగింటికి పెద్దసారు గదికి ఉత్తర్వు వెళ్లలేదు, టైపక్క వెళ్లింది. సంగతంతా విని ఆయన బల్ల చరిచి మరీ నవ్వాడు. తర్వాత ఆవిడ అర్జీ బయటికి తీశాడు.

"చింపేద్దామంటే దీనికి నంబరు పడిపోయిందక్కా. వెనక్కి తీసుకుంటున్నట్టు ఇంకో కాగితం ఇవ్వండి. కారణం మాత్రం రాయాలి."

టైపక్క సీటుకొచ్చి కూర్చుంది. వేళ్లు మీటలమీద పెట్టింది. ఏం కారణం రాయాలి? కీబోర్డు కథంతా రాస్తే దస్తాల బాబాయ్‌కి సంజాయిషీ నోటీసు వస్తుంది. అదీ తనే టైపు చెయ్యాలి. ఆలోచించి, మూడే మాటలు కొట్టింది: "నా చేతులు బాగున్నందున."

చదువుకుంటే "చేతులు"లో "తు" రెండుసార్లు పడింది. పక్కగదిలో చప్పుడేమీ లేదు, కంప్యూటరు వెనకాల బుడిపె లేదు. ఇది అచ్చంగా తను చేసిన తప్పే. ఎన్నేళ్లయిందో తప్పు చేసి. టైపక్క దాన్ని కాసేపు ముద్దుగా చూసి, ఒక అక్షరం చెరిపి, కాగితం ప్రింటుకిచ్చింది.