గొంతులో నొక్కు

డేనిష్ మాటల్లో ఒక నొక్కు ఉంటుంది. మాట సగంలో ఉండగా గొంతు ఒక్క క్షణం బిగుసుకుని వదులుతుంది. అది రాకపోతే కోపెన్‌హాగెన్‌లో ఎవరూ మనతో డేనిష్ మాట్లాడరు. మర్యాదకొద్దీ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఆ మర్యాదకి ఒళ్లెంత మండుతుందో పడ్డవాళ్లకే తెలుసు. లిథువేనియా నుంచి వచ్చి బేకరీలో చేరిన కొత్తల్లో నేను పడ్డాను.

నాకు ఆ నొక్కు నేర్పింది రిటైరైన టీచరమ్మ ఇంగెలిస్‌గారు. మంగళవారాలు లైబ్రరీలో మాలాంటివాళ్లను కూర్చోబెట్టుకుని, మా వేళ్లు తన గొంతు మీద పెట్టించుకుని పలికేవారు. ఓపిక మాత్రం తక్కువ.

“మాట్లాడుతున్నావా, రొట్టె నములుతున్నావా? మళ్లీ అను.”

“నేను నోరు తెరవగానే వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతున్నారండీ.”

“మారనీ. నువ్వు మారకు. తప్పో ఒప్పో డేనిష్‌లోనే అఘోరించు. విసుగొచ్చి వాళ్లే దారికొస్తారు.”

నిజంగానే వచ్చారు.

ఆవిడది డెన్మార్క్‌లోనే దూరంగా ఉన్న బోర్న్‌హోల్మ్ దీవి అని చాలాకాలానికిగాని నాకు తెలియలేదు. ఆ దీవి మాటలో ఈ నొక్కే లేదు. టీచర్ల కాలేజీలో తోటివాళ్లు యాసను వెక్కిరిస్తే, ఉక్రోషంతో నొక్కు నేర్చుకుని, పుట్టి పెరిగిన మాటను పూర్తిగా వదిలేశారట. ఇప్పుడు దానికోసమే మొహం వాచిపోయారు. దీవిలో మిగిలింది అక్క ఎస్తర్‌గారు ఒక్కరే. ఆమె పెంపుడు పిల్లితో కూడా దీవి మాటే మాట్లాడతారు. చెల్లెలితో మాత్రం రేడియోలో వార్తలు చదివినట్టు రాజధాని డేనిష్.

“నేను పరాయిదాన్నా, యుర్గా?” అనేవారు ఫోన్ పెట్టేసి. “అమ్మ మాట్లాడినట్టు నాతో మాట్లాడగలిగేది అక్క ఒక్కతే. మాట్లాడదు.”

పోయిన వేసవిలో ఆవిడ దీవికి వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. ఎస్తర్‌గారు పొగబెట్టిన హెర్రింగ్ చేపలు బల్ల మీద పెట్టి, రాజధాని డేనిష్‌లో ప్రయాణం ఎలా జరిగిందని అడిగారు. ఇంగెలిస్‌గారు దీవి మాటలో జవాబివ్వబోయారు. మాట మాటకీ నొక్కు పడింది. నాక్కూడా వినిపించింది.

“ఎందుకే నీకా అవస్థ?” అన్నారు ఎస్తర్‌గారు నెమ్మదిగా. “మీ రాజధాని మాట నాకు అర్థమవుతుందిగా.”

ఆ “మీ” అన్న మాటకి ఇంగెలిస్‌గారి మొహం చిన్నబోయింది. “అవునులే” అన్నారు, రాజధాని డేనిష్‌లోనే. నాకు కోపమొచ్చింది.

“మారకండి,” అన్నాను. “ఎదుటివాళ్లకి విసుగొచ్చేదాకా మారకూడదని చెప్పింది మీరే కదా.”

ఆవిడ మళ్లీ అందుకున్నారు. కోళ్ల గురించి, పాత పడవ గురించి, తడబడుతూనే. ఎస్తర్‌గారు మర్యాదగా ఊఁ కొడుతూ రొట్టెకి వెన్న రాస్తున్నారు. చివరికి ఇంగెలిస్‌గారు, చిన్నప్పుడు వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి సముద్రం ఒడ్డునున్న పిల్లల్ని అన్నానికి కేకేసిన మాట అన్నారు.

ఎస్తర్‌గారి చేతిలో కత్తి ఆగింది.

“ఆ బిగింపేంటే? వదిలెయ్,” అన్నారు విసుగ్గా. అన్నది దీవి మాటలో. “అమ్మ ఏనాడన్నా అలా పిలిచిందా? ఇదిగో, విను.” గుమ్మంలో నిలబడ్డట్టే ఆ కేక వేశారు. “ఊఁ. మళ్లీ అను.”

ఇంగెలిస్‌గారు లైబ్రరీలో మేం చేసినట్టే చెయ్యి చాచి, అక్క గొంతు మీద వేళ్లు ఆనించారు.