పరుగు భయం, బరువు భయం

జాగ్రత్తగారికి ఈ లోకంలో భయం లేని వస్తువంటూ లేదు. అయితే ఆ భయాలకి ఒక పద్ధతుంది. ఏ ప్రమాదం కనిపించినా ఆయన ముందు దాన్ని రెండు రకాల్లో ఏదో ఒకదాంట్లో వేసేవాడు: పరుగు భయం, బరువు భయం. కుక్క వెంటబడితే పరుగు భయం. బీరువా మీద పడితే బరువు భయం. పారిపోగలిగినవాటికి ఊపిరి కావాలి, పారిపోలేనివాటికి కండ కావాలి, రెండూ సమపాళ్లలో ఉన్నవాడే బతికి బట్టకడతాడని ఆయన సిద్ధాంతం.

మాటకి ముందొక జాగ్రత్త, మాటకి వెనకొక జాగ్రత్త చెప్పడంతో అపార్ట్‌మెంటంతా ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయింది. బీమా కంపెనీలో నష్టాల అంచనా ఉద్యోగం. పొద్దస్తమానం కాలిన ఇళ్లు, కూలిన గోడలు, నుజ్జయిన కార్లు చూసి ఇంటికొచ్చే మనిషికి గ్యాస్ పొయ్యి పొయ్యిలా ఎలా కనిపిస్తుంది? సినిమాకి వెళ్తే, ఆట మొదలయ్యేలోగా బయటపడే దారులన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. ఆయన భార్య అంతసేపూ ఆ మనిషి తనకేమీ కానట్టు తెర వైపే చూస్తూ కూర్చునేది.

జిమ్‌లో ఒకరోజు బరువులు, ఒకరోజు పరుగు. వాన పడ్డా పిడుగు పడ్డా వరస తప్పేది కాదు. ట్రైనర్ మాత్రం తల పట్టుకునేవాడు.

"సార్, కండ పట్టాలంటే ఆ పరుగు కాస్త తగ్గించండి. తిన్నదంతా కరిగిపోతోంది."

"పరుగు తగ్గిస్తే ఆయాసం వస్తుందయ్యా."

"పోనీ బరువులు మానేసి హాయిగా పరిగెత్తండి."

"చేతుల్లో సత్తువ ఉండొద్దూ?"

"రెండూ కావాలంటే రెండూ చేద్దాం. భుజాలు మాత్రం పెంచనివ్వండి సార్, అద్దంలో బాగుంటాయి."

"అమ్మో, భుజాలొద్దు! వెడల్పయితే పట్టను."

"ఎక్కడ పట్టరు?"

ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన టేపు తెచ్చి భుజాలు కొలవమనేవాడు. సన్నగా ఉండాలి, గట్టిగా ఉండాలి, అంతకు మించి ఒక్క వేలెడు కూడా పెరగకూడదు. ఇలాంటి మొక్కు మొక్కుకున్నవాణ్ని ట్రైనర్ తన సర్వీసులో చూడలేదు.

సెలవు రోజు విడ్డూరం వేరే. కసరత్తు కోసం ఎవరైనా మెట్లెక్కుతారు. ఈయన ఇసుక మూటతో లిఫ్టులో తన ఇల్లున్న నాలుగో అంతస్తుకి వచ్చి, ఆ మూటని రెండు చేతుల్లో పొదివి పట్టుకుని మెట్లు దిగేవాడు. కిందికి చేరగానే మళ్లీ లిఫ్టు, మళ్లీ దిగడం.

"ఏం సార్, ఎక్కడం చేతకాదా?" అని అడిగాడు మూడో అంతస్తు పళ్ల డాక్టరు.

"ఎక్కడానికి లిఫ్టుందిగా."

"దిగడానికీ అదే లిఫ్టుందిగా?"

"ఆగిపోతే?"

పళ్ల డాక్టరు ఊరుకుంటే బాగానే ఉండేది. చెవి ఒగ్గి, ఇంకో సంగతి కూడా పట్టాడు. జాగ్రత్తగారు మూటతో మాట్లాడుతున్నాడు. అదీ మన్ననగా. "భయపడకండి. మలుపొస్తోంది, తల ఇటు పెట్టండి." సాయంత్రానికల్లా ఈ కబురు అన్ని అంతస్తులూ తిరిగింది. "ఇసుకకి మీరు, కట్టుకున్నదానికి నువ్వు" అని భార్య రెండు రోజులు మూతి ముడుచుకుంది.

అందరూ పగలబడి నవ్వినా ఆ ఇంట్లో ఒకరికి నవ్వొచ్చేది కాదు. ఆవిడ జాగ్రత్తగారి అత్తగారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఊరందరినీ ఊరందరితో కలిపి రిటైరైన మనిషి. తుంటి విరిగాక కూతురి దగ్గరికి వచ్చింది. వాకర్ పట్టుకుని గది నుంచి వంటింటి దాకా నడవగలదు, మెట్లు మాత్రం ఆవిడ లోకంలో లేవు. లిఫ్టే దిక్కు.

ఆవిడకి అల్లుడంటే భయం పట్టుకుంది. అతనొక్క మాట తూలి ఎరగడు. ఆ చూపులతోనే వచ్చింది చిక్కంతా. నెలకోసారి బరువు చూసే యంత్రం తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాడు.

"అత్తయ్యగారూ, ఒక్క క్షణం వాకర్ వదిలి దీనిమీద నిలబడతారా? నేను పట్టుకుంటాను."

అంకె చూసేవాడు, మొహం ముడుచుకునేవాడు, యంత్రం తీసుకుని వెళ్లిపోయేవాడు. భోజనం దగ్గర ఆవిడ కంచం వంకే చూసేవాడు. ఎంత పెట్టుకుంది, ఎంత వదిలేసింది, అంతా ఆ కళ్లు అంచనా వేసేవి. కాలిపోయిన మిషన్లని ఏం చేస్తారని ఒకసారి కూతురు అడిగితే, "బాగుపడదని తేలితే తీసేయిస్తాం" అన్నాడు అన్నం కలుపుకుంటూ. ఆవిడ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

తన తిండి అల్లుడికి ఎక్కువనిపిస్తోంది కాబోలని ఆవిడ తినడం తగ్గించింది. తగ్గించేకొద్దీ అతని చూపులు ఎక్కువయ్యాయి. రాత్రిళ్లు లిఫ్టు చప్పుడైతే తనని తీసుకుపోవడానికే ఎవరో వస్తున్నారని ఉలిక్కిపడేది. పొమ్మనిపించుకునేలోగా తానే పోవడం మర్యాద అనుకుంది. చెల్లెలికి ఫోన్ చేసింది. బట్టలు సర్దుకున్న సంచీ మంచం కింద పెట్టుకుంది. కూతురికి ఆ మాట చెప్పడానికే నోరు పెగల్లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం కూతురు మందుల షాపులో డ్యూటీలో ఉంది. తిరుగుతున్న ఫ్యాన్ చటుక్కున ఆగింది. కాలిన తీగ వాసన. కింద నుంచి ఎవరివో కేకలు: "మీటర్ల గది అంటుకుంది! అందరూ దిగండి!" మీటర్ల గది లిఫ్టు పక్కనే. లిఫ్టు సందుల్లోంచి నల్లటి పొగ అప్పుడే వరండాలోకి పాకుతోంది.

జాగ్రత్తగారు పరుగున వచ్చాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"నువ్వెళ్లు బాబూ," అంది ఆవిడ. "ఇది పరుగు భయం. నాకోసం ఆగకు."

"కాదండీ."

"మరి బరువు భయమా?"

"రెండూనండీ," అన్నాడు పళ్లు టకటక కొట్టుకుంటుండగా. తడి తువ్వాలు ఆవిడ ముక్కుకి అడ్డం పెట్టి, రెండు చేతులతో లేవనెత్తాడు.

ఎప్పటివో ఇరుకు మెట్లు. ఆయన భుజానికీ గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందుంది, అంతే. కళ్లు మంటలు. పైనుంచి ఎవరో ఏడుస్తూ దిగుతున్నారు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. పడిపోతాం, ఇద్దరం పోతాం, కూతురు ఒక్కరోజులో ఇద్దరినీ పోగొట్టుకుంటుంది అనుకుంది. ఆయన గుండె దడదడ ఆవిడ చెవికి తగులుతోంది గానీ అడుగు మాత్రం తడబడడం లేదు.

"భయపడకండి. మలుపొస్తోంది, తల ఇటు పెట్టండి."

ఆవిడ కళ్లు తెరిచింది. అంత పొగలోనూ అల్లుడి ముఖం వంక తేరిపార చూసింది.

వీధిలోకి వచ్చాక ఆవిణ్ని వాచ్‌మన్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన పక్కనే నేలమీద కూలబడ్డాడు.

"బాబూ, ఆ మూట నేనేనా?"

ఆయన తల దించుకున్నాడు. "మీరొచ్చిన రోజే భయం పట్టుకుందండీ. లిఫ్టు ఆగితే మిమ్మల్ని ఎలా దించాలా అని. ఇసుక ఎప్పటికప్పుడు మీ బరువుకి సరిచేసేవాణ్ని."

"మరి నా కంచం వంక చూపులేమిటి?"

"నెలనెలా మూటలోంచి ఇసుక తీసెయ్యాల్సి వస్తోంది. మూటేమో తేలికవుతోంది, నాకేమో ప్రాణం పోతోంది. ఏదో జబ్బనుకున్నాను. అడిగితే మీరు బెంగపడతారని..."

"నీకు భయపడి తినడం మానేశాను నాయనా!"

ముందు ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే చెల్లెలికి ఫోన్ చేసింది. "నేను రావడం లేదే. మా అల్లుడు ఒప్పుకోడు."

ఫైరింజన్‌వాళ్లు మంట ఆర్పేశారు. పొగ తేలిపోయాక జనం పైకి ఎక్కడం మొదలుపెట్టారు. లిఫ్టు మాత్రం బాగు చేసేదాకా కదలదట. పళ్ల డాక్టరు వచ్చి జాగ్రత్తగారి భుజం తట్టాడు. డాక్టరు కళ్లలో ఈసారి ఎగతాళి లేదు.

"శభాష్ సార్! ఇంకేం, అదే ఊపులో ఎత్తుకుని ఎక్కెయ్యండి."

జాగ్రత్తగారు మెట్ల వంక చూశాడు. అత్తగారి వంక చూశాడు. ముఖం మళ్లీ తెల్లగా పాలిపోయింది.

"ఎక్కడం ప్రాక్టీసు చెయ్యలేదండీ."

"చేద్దువుగానిలే," అంది అత్తగారు కుర్చీలో సర్దుకుంటూ. "ముందు ఆ మూల కొట్టుకి వెళ్లి తినడానికేమన్నా పట్రా. కడుపు కాలిపోతోంది."

ఆయన లేచి రెండడుగులు వేసి ఆగాడు.

"ఎంత తింటారు?" అని భయంభయంగా అడిగాడు.

"చాలా," అంది ఆవిడ.