తీగ కట్టిన చోక్

మొన్న బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు ఉందంటే చూడ్డానికి వెళ్లాను. నా ఈడు వాళ్లంతా బానెట్ల మీద చేతులు వేసి, ఇంజన్లంటే అవీ అని మురిసిపోతున్నారు. నా చూపు మాత్రం గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ పక్కనుండే గుండ్రటి నల్ల డిప్ప మీదికే పోయింది.

ఆ బళ్లు నడిపినవారికి గుర్తుండే ఉంటుంది. చోక్ అనే ఆ డిప్పలో రెండు లోహాలు కలిపి చుట్టిన స్ప్రింగు ఉంటుంది. చలికి బిగుసుకుని గాలి వెళ్లే దారిలోని రెక్కను మూసి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందిస్తుంది, వేడెక్కాక వదులై రెక్కను తెరుస్తుంది. మా సముద్రపు గాలికి అది తుప్పుపట్టి, రెక్క మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయి, బండి నల్లపొగ కక్కేది. అందుకని కంచరపాలెం మెకానిక్కులు స్ప్రింగు పీకేసి, రెక్కను తీగతో తెరిచి కట్టేసేవారు. అక్కడే షెడ్డు నడిపే మా అన్నయ్య తన పాత విదేశీ కారుకూ అదే చేసి, “వైజాగ్‌లో సలెక్కడిది బావా?” అని అందరి దగ్గరా నవ్వేవాడు.

అప్పట్లో నేను అరకు దగ్గర చిన్న ఆస్పత్రిలో నర్సును. ఎనిమిదో నెల గర్భంతో ఉన్న వదిన కొండగాలి కావాలని మారాం చేస్తే, ఒక డిసెంబరు మధ్యాహ్నం, మంచి ఎండలో, అన్నయ్య ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు. మర్నాడు తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. చేత్తో చూశాను; బిడ్డ అడ్డంగా ఉంది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ కొండ కింద ఉంది, మొదటి బస్సుకు ఇంకా చాలా టైముంది.

వదినను వెనక సీట్లో పడుకోబెట్టాం. గడ్డి మీదంతా మంచు పేరుకుని తెల్లగా ఉంది. అన్నయ్య తాళం తిప్పినకొద్దీ ఇంజన్ దగ్గుతోంది తప్ప అందుకోవడం లేదు, బ్యాటరీ నీరసపడిపోతోంది, వెనక వదిన మూలుగు పెద్దదవుతోంది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆ తీగ. ఒక్క ఉదుటున దిగి, గాలి వడపోసే డబ్బా ఊడదీసి, రెక్కకు బదులుగా కార్బురేటర్ మూతిని అరచేత్తో మూసి, “నువ్వు తిప్పు సెల్లీ, ఆపకు!” అని అరిచాడు. తిప్పాను. లోపలినుంచి మంట ఎగదన్ని అన్నయ్య చెయ్యి కాలింది. తియ్యలేదు. “తిప్పు, ఏటి సూత్తన్నావ్!” మళ్లీ తిప్పాను, మళ్లీ తిప్పాను. ఎట్టకేలకు అందుకుంది.

ఘాట్ రోడ్డు మలుపుల్లో అన్నయ్య కాలిన చేత్తోనే స్టీరింగు తిప్పాడు. వదిన దక్కింది. బిడ్డ దక్కలేదు, మగపిల్లాడు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటేనా అని డాక్టరమ్మ నాతో అన్న మాట అన్నయ్య చెవిన పడింది.

ఆ తర్వాత షెడ్డుకు ఏ పాత బండి వచ్చినా ముందు ఆ డిప్పే విప్పేవాడు. మసిని పెట్రోలుతో కడిగి, నూనె పెడితే దుమ్ము పడుతుందని రెక్క ఇరుసును పొడిగానే ఉంచి, డిప్ప మీది గీతను కార్బురేటర్ మీది గీతకు కలిపి బిగించి, స్ప్రింగుకు వేడిగాలి తెచ్చే గొట్టం పూడుకుపోయిందేమోనని ఊది చూసేవాడు. తీగ కట్టేయమన్నవాళ్ల బండిని బయటికి తోసేస్తే, పొగరనుకున్నారు జనం.  వదిన టీ తెచ్చిచ్చి, మరలు బిగించేదాకా పక్కనే నిలబడేది.

నా ఈడు వాళ్లు కంప్యూటర్ బళ్లను తిడుతుంటే నేను వంతపాడలేను. ఆ స్ప్రింగులూ, వాటి మర్మం తెలిసిన చేతులూ పోయాయని నాకూ బెంగే. అన్నయ్య కూడా పోయాడు. కానీ ఇవాళ ఎంత మంచులోనైనా మీట నొక్కగానే బండి కదులుతోంది. ఆ పొద్దున అలాంటిదొకటి మా వాకిట్లో ఉండి ఉంటే, మా మేనల్లుడు ఈపాటికి నెరిసిన జుట్టుకు రంగేసుకునే వయసులో ఉండేవాడు.