మూత లోపలి గుర్తు

గద్వాల పాత బస్టాండు వెనక సందులో చీరలకు ఫాల్, పీకో కుట్టే షాహెదాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అది సరికాదు. కోపమంటే వచ్చి పోయేది. షాహెదాకు వచ్చింది పోలేదు, పన్నెండేళ్లుగా ఇంట్లో మనిషిలా మకాం వేసింది. ఆమె మొగుడు ధరూర్‌కు షేర్ ఆటో నడుపుతాడు, నెమ్మదస్తుడు. పెళ్లాం నెలకో గురువారం కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పి హైదరాబాద్ రైలెక్కుతుంటే పల్లెత్తు మాట అనడు. అన్నా ఆమె ఆగదని అతనికి తెలుసు.

ఆమె పోయేది జుమ్మేరాత్ బజారుకు. అక్కడ గురువారం గురువారం రోడ్డు పొడుగునా దుప్పట్లు పరిచి పాత సామాను పోస్తారు. ఇత్తడి చెంబులు, మోటారు కాలిపోయిన ఫ్యాన్లు, ఎవరివో పెళ్లిఫోటోల ఫ్రేములు, వాటి మధ్య కుప్పలుగా పాత చేతి గడియారాలు. పాత గడియారాల పిచ్చి పట్టిన కుర్రాళ్లు చాలామంది వస్తారు. వాళ్లు ముఖం చూస్తారు, కీ తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటారు, బేరమాడతారు. షాహెదా మాత్రం ముఖం చూడదు. గడియారం చేతికి రాగానే బోర్లా తిప్పి వీపు చూసి పడేస్తుంది. దుకాణదారులు ఆమెకు ‘ఉల్టా ఆపా’, అంటే తిరగేసే అక్క, అని పేరు పెట్టారు. ఆమె కూడా ఆ పేరుకు పలుకుతుంది.

ఆమె వెతికేది ఒకే ఒక్క గడియారం. బంగారు పూత ఉన్న ఫేవర్ లూబా కంపెనీది. వీపున తెలుగులో ‘రామన్న’ అని చెక్కి ఉంటుంది. ఆ గడియారమే ఆమె తండ్రి ఇమామ్ సాహెబ్‌ను దొంగను చేసింది.

ఇమామ్ సాహెబ్ గద్వాల బజారులో చిన్న డబ్బా కొట్టు పెట్టుకున్న గడియారాల మెకానిక్. గడియారాలు బాగుచేసే వాళ్లందరికీ మూత లోపలివైపు తమ గుర్తు, నెల, సంవత్సరం సూదితో గీసే అలవాటు ఉంటుంది. రేపు అదే గడియారం మళ్లీ వస్తే, ముందు ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో తెలుస్తుంది. ఇమామ్ సాహెబ్ దానికి తన సొంత పట్టుదల ఒకటి చేర్చాడు. గడియారం బాగైనా సరే, సొంతదారు వచ్చేదాకా గుర్తు గీయడు. మనిషి వచ్చాక అతని కళ్లముందే చిన్న నెలవంక గీసి, నెలా సంవత్సరం వేసి, మూత నొక్కి చేతిలో పెడతాడు. నెలవంక ఉందంటే గడియారం అప్పగించినట్టే. ఆ సంగతి ఆయన కూతురికీ తెలుసు, దగ్గర కూర్చుని పని నేర్చుకున్న శిష్యుడు ముజమ్మిల్‌కూ తెలుసు.

నూనె మిల్లు భాస్కర్ ఆ గడియారాన్ని బాగుచేయించుకుని తీసుకుపోయాడు. అది చనిపోయిన అతని అన్న రామన్నది. తర్వాత వదిన ఉమారాణి, మొగుడి గుర్తుగా ఆ ఒక్కటీ నాకియ్యండని అడిగింది. భాస్కర్‌కు ఇయ్యబుద్ధి కాలేదు. రిపేరుకిచ్చాను, ఆ సాయిబు మింగేశాడని చెప్పేశాడు. చెప్పిన అబద్ధం నిలబడాలి గదా, మనుషుల్ని వెంటేసుకుని వచ్చి డబ్బా కొట్టు సొరుగులన్నీ రోడ్డు మీద కుమ్మరించాడు. చక్రాలూ, మరలూ, ముళ్లూ దొర్లి పక్కనున్న మురుగు మోరీలో పడ్డాయి. బజారంతా చూసింది. మిల్లు ఓనరు మాటకూ డబ్బా కొట్టు ముసలాయన మాటకూ పోటీ వస్తే జనం ఎటు మొగ్గుతారో చెప్పనక్కర్లేదు. షాహెదా మోరీలో చెయ్యి పెట్టి దొరికినన్ని ఏరింది. ఇమామ్ సాహెబ్ మళ్లీ కొట్టు తెరవలేదు.

“గుర్తు పెట్టి ఇచ్చిన బేటీ. ఆ మూత దొరికితే చాలు, నేను దొంగను కానని అదే చెప్తది,” అనేవాడు. మరుసటి ఏడు రంజాన్ నెలలో పోయాడు.

కొడుకులు లేరు. మట్టికి తీసుకుపోయేముందు, జనాజా పాడె ముందు ఇంటివాళ్ల తరఫున ఒకరు నిలబడి, పోయినాయన ఎవరికైనా ఏదైనా ఇచ్చేదుంటే చెప్పండి, తప్పు చేసుంటే మాఫ్ చెయ్యండి అని అడగడం ఆనవాయితీ. ఆ రోజు నిలబడి అడిగింది ముజమ్మిల్. వెనక వరసలోంచి ఎవరో, “గడియారం సంగతేంది మరి?” అన్నారు. ముజమ్మిల్ తల వంచుకున్నాడు. దొంగ అనే పేరుతోనే ఇమామ్ సాహెబ్‌ను మోసుకుపోయారు. ఈ సంగతి ఆడవాళ్లకు సాయంత్రం తెలిసింది. ఆ సాయంత్రం నుంచి షాహెదా మనిషి మారిపోయింది.

రెండేళ్ల కింద భాస్కర్ చనిపోయాడు. ‘నా చేతికి చిక్కకుండానే పోయిండు’ అని షాహెదా ఆ పూట అన్నం ముట్టలేదు. అతని కొడుకులు పాత ఇల్లు కూలగొట్టి, బీరువాలతో సహా సామానంతా హైదరాబాద్ నుంచి వచ్చిన పాత సామాన్లవాడికి అమ్మేశారు. అప్పుడు మొదలైంది ఈ గురువారాల వేట.

ముజమ్మిల్ ఇప్పుడు వనపర్తిలో పెద్ద గడియారాల దుకాణం నడుపుతున్నాడు. బోర్డు మీద ‘ఉస్తాద్ ఇమామ్ సాహెబ్ దువాతో’ అని, గురువు దీవెన అన్నట్టు, రాయించాడు. ఊరంతా వెలివేసినట్టు చూసిన రోజుల్లో కూడా పండక్కి సేమియా పట్టుకొచ్చినవాడు. ఆమె బజారుకు పోయిన ప్రతి గురువారం సాయంత్రం ఫోన్ చేసేవాడు.

“దొరికిందా ఆపా?”

“లేదు.”

“ఎందుకు ఆపా గింత పరేషాన్? అల్లా మీద వదిలెయ్యరాదు?”

తమ్ముడుంటే ఇట్లాగే అనేవాడు గదా అని షాహెదా మురిసిపోయేది.

మొన్న శ్రావణంలో, వాన వెలిసిన ఒక గురువారం, తడి దుప్పటి మీద ఆమె తిప్పిన గడియారం వీపున ‘రామన్న’ అని ఉంది. అక్కడే చతికిలబడి, సంచిలోంచి చిన్న కత్తి తీసి మూత లేపింది. నెలవంక ఉంది. పక్కన ఆ గొడవ జరిగిన ఏడు మే నెల అంకెలు. కొట్టు కుమ్మరించింది జూన్‌లో. అంతకు ముందే గడియారం అప్పగించేశాడు, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు కనబడింది కింద ఇంకో గుర్తు.

చిన్న నక్షత్రం. అదే ఏడు నవంబర్.

ఆ నక్షత్రాన్ని ఆమె తన ఇంట్లో, తన తండ్రి పక్కన కూర్చుని ముజమ్మిల్ మొదటిసారి గీస్తుంటే చూసింది. గుర్తు పెట్టకుండా మూత వెయ్యొద్దురా, నీ పని నీదని చెప్పుకోలేనోడు మెకానిక్ కాదు అని తండ్రి నేర్పాడు. ఆ పాఠం ముజమ్మిల్ ఎంత బాగా నేర్చుకున్నాడంటే, దాచాల్సిన మూత మీద కూడా చెయ్యి ఆగలేదు. నవంబర్‌లో ఇమామ్ సాహెబ్ బతికే ఉన్నాడు. ముజమ్మిల్ ఈ మూత తెరిచాడు, నెలవంక చూశాడు, దాని కింద తన గుర్తు పెట్టుకున్నాడు, మూత వేశాడు. రంజాన్‌లో వచ్చి జనాజా ముందు నిలబడ్డాడు.

షాహెదా ఏడుపు ఆగిపోయింది. అమ్మేవాడు అడిగిన ధర అడిగినట్టే ఇచ్చి లేచింది. సాయంత్రం ఫోన్ మోగింది. “లేదు,” అంది.

వనపర్తిలో వారపు అంగడి రోజు చూసుకుని పోయింది. దుకాణం నిండా గిరాకీ. ముజమ్మిల్ కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆమె చాయ్ ముట్టలేదు. గడియారం బల్ల మీద పెట్టింది.

“జర మూత తియ్యి.”

అతను వీపు చూశాడు. కంటి అద్దం తీసి కింద పెట్టాడు.

“లోపలికి పోయి మాట్లాడుదాం ఆపా.”

“ఎందుకు లోపలికి? మా అబ్బను నడి రోడ్డు మీదనే అడిగిండ్రు కదా. తియ్యి.”

తీశాడు. చూడలేదు. లోపలేముందో అతనికి తెలుసు.

“భాస్కర్ సేట్ తెచ్చిండు,” అన్నాడు మెల్లగా. “అప్పుడు నేను పెట్టుకున్న దుకాణం ఆయన మలిగెలనే ఉండె. నోరు తెరిస్తే ఖాళీ చేపిస్త అన్నడు. పిల్లలు చిన్నోళ్లు. ఏం చెయ్యాలె ఆపా?”

“నాకు చెప్పాలె. మా అబ్బ చెవిల చెప్పాలె. ఊరికి చెప్పకున్నా, నువ్వు దొంగవు కాదు, నాకు ఎరుకే ఉస్తాద్ అని ఒక్క మాట. గది గూడ బరువైందా నీకు?”

గిరాకీలు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి వినసాగారు. ముజమ్మిల్ ముఖం పాలిపోతుంటే షాహెదాకు హాయిగా ఉంది. పాపమని ఆమెకు తెలుసు. అయినా హాయిగా ఉంది, ఇన్నేళ్లకు మొదటిసారి.

“జుమ్మాకు గద్వాలకు రా. నమాజ్ అయినంక మసీదు ముంగట నిలబడి అందరికి చెప్పు. రాకుంటే రోజు బస్సెక్కి వస్త, గీ కుర్చీలనే కూసుంట, వచ్చినోళ్లందరికి గీ మూత చూపిస్త. ఆ బోర్డు మీద మా అబ్బ పేరు మాత్రం ఇయ్యాల్నే తియ్యాలె.”

ఆమె లేచేలోపే నిచ్చెన వేశారు. పేరు మీద తెల్ల రంగు పూసేదాకా ఆమె రోడ్డు మీద నిలబడి చూసింది.

శుక్రవారం జుమ్మాకు వచ్చాడు. ఒక్కడే రాలేదు, మంచి మాట చెప్పడానికి వనపర్తి పెద్దలు ఇద్దరు వెంట వచ్చారు. నమాజ్ ముగిసి జనం చెప్పులు వేసుకుంటుంటే మెట్ల మీద నిలబడి మొత్తం చెప్పాడు. ముసలివాళ్లు కొందరు తలలు వంచుకున్నారు. ఒకాయన, “తోబా, గట్లాంటి మనిషిని ఎంత మాటంటిమి,” అని కళ్లు తుడుచుకున్నాడు. గేటు బయట నిలబడి ఉన్న షాహెదా ప్రతి మాటా వింది. తండ్రి మీదున్న దొంగ పేరు ఆ మధ్యాహ్నంతో పోయింది.

ఆమె నేరుగా ఉమారాణి ఇంటికి పోయి గడియారం చేతిలో పెట్టింది. ఉమారాణి మొగుడి పేరు మీద వేలు పెట్టి తడుముకుంటూ చాలాసేపు కూర్చుంది. షాహెదా ఇల్లు చేరేసరికి వాకిట్లో ముజమ్మిల్, వనపర్తి పెద్దలు నిలబడి ఉన్నారు. ఆమె మొగుడు ఏం చెయ్యాలో తోచక ఆటో తుడుస్తున్నాడు.

“నలుగురిల ఒప్పుకున్నడు బేటీ,” అన్నాడు పెద్దాయన. “ఇగ నువ్వు మాఫ్ చేసినా అని ఒక్క మాట అను. పగ మంచిది కాదు.”

ముజమ్మిల్ చేతులు జోడించాడు. “నిద్ర పడుతలేదు ఆపా.”

షాహెదా అతన్ని నిదానంగా చూసింది. జాలి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది కూడా. రాలేదు.

“తప్పు చేసింది నాకు కాదు,” అంది. “మాఫ్ చేసేటాయన ఖబ్రస్తాన్‌ల పండుకున్నడు. పోయి అడుగు. ఆయన ఊ అన్న రోజు నేను గూడ అంట.”

తలుపు వేసుకుని, మిషన్ మీద గుడ్డ తీసి, పెళ్లివారి చీర ముందుకు లాక్కుంది.