తెరిచిన కండ్లు

ఫినాయిల్ వాసన తగిలితే చాలు, నాకు సూర్యాపేట దవాఖాన వరండా యాదికొస్తది. అప్పుడు నాకు ఏడేండ్లు. లోపల నాయినకు కడుపు ఆపరేషన్ అయితుంది. బయట బల్ల మీద అమ్మ, నేను కూసున్నం. అమ్మ చెంగు నెత్తిన కప్పుకొని, "కండ్లు మూస్కో బిడ్డా, ప్రార్థన చేద్దాం" అన్నది.

కండ్లు తెరిస్తే ప్రార్థన దేవుని దాకా పోదని సండే స్కూల్ల అక్క చెప్పింది. అయినా ఉండబట్టలేక ఒక కన్ను తెరిచిన. అమ్మ పెదాలు కదులుతున్నయి గాని, కండ్లు తెరిచే ఉన్నయి. ఆపరేషన్ గది తలుపునే చూస్తున్నయి. ఇగ నాయిన బయటికి రాడేమో అనుకున్న. అమ్మ వంతు కూడా నేనే మూయాలని, నొప్పి పుట్టేదాకా కండ్లు గట్టిగా మూసుకున్న.

చానా సేపటికి నర్సు వచ్చి, "మంచిగనే ఉన్నడమ్మా" అన్నది.

"ప్రభువు విన్నడు" అని అమ్మ ఏడ్చింది.

ఆమె కండ్లు తెరిచిన సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. నాయిన నా వల్లనే బతికిండని చానా ఏండ్లు నమ్మిన.

ఇయ్యాల మిర్యాలగూడ దవాఖానల అదే వాసన. లోపల అమ్మ ఉన్నది. చున్నీ నెత్తిన కప్పుకొని ప్రార్థన చేస్తున్న. కండ్లు మూద్దామంటే మూతపడతలేవు. తలుపు మీదనే ఉన్నయి.