మట్టిగోడకు సున్నం

బీజాపూర్‌లో మేము అద్దెకున్న ఇంటి గోడలు మట్టివి. ఇంటావిడ తర్రెం వైపు పల్లెలో సేద్యం చేసుకుంటుంది. తల్లి పోయాక ఖాళీగా పడి ఉన్న ఇంటిని మా అక్కకూ నాకూ ఇచ్చింది. తాళం చేతిలో పెడుతూ ఒక్కమాటే చెప్పింది.

"మేకు మాత్రం కొట్టొద్దు అవ్వా. మట్టి రాలుతది."

నేను ఒక్క మేకూ కొట్టలేదు. దేవుడి పటాలు నాలుగు, మా ఆయన ఫొటో ఒకటి. ఐదింటినీ వాసాలకు తాళ్ళు కట్టి వేలాడదీశాను. గోడ గీసుకుపోకుండా ఒక్కోదాని వెనుక పాత గుడ్డ మడతపెట్టాను. గడపకు పసుపు మరక పట్టకూడదని, కొలిచి మూడడుగుల రెండంగుళాల చెక్క చేయించి, శుక్రవారాలు దానికే పసుపు రాసేదాన్ని.

"గడపకు గడప తొడిగినవు. ఇంక గోడలకు రైకలు కుట్టు," అనేది అక్క.

వచ్చిననాడు ఎలా ఉందో అలాగే ఇల్లు అప్పగించాలని నా పట్టుదల.

దసరాకు ఎనిమిది రోజుల ముందు సున్నం నానబెట్టాను. ఇంతకుముందు కొంటాలో ఉన్న అద్దె ఇంటికి ఏటా మేమే సున్నం వేసేవాళ్ళం, యజమాని సంతోషించేవాడు. అందుకే అడగాలని తోచలేదు. వడ్ల గదిలో గోడ మీద తెల్లటి అరచేతుల అచ్చులున్నాయి. లెక్కపెట్టాను, పెద్దవి ఐదు, చిన్నవి రెండు. ఎవరో పిండి చేతులు తుడుచుకున్నారనుకున్నాను. రెండు పూతలతో అన్నీ కనబడకుండా పోయాయి.

సంత రోజున ఇంటావిడ వచ్చింది. ఆ గదిలోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

"ఈడ చేతులుండె గదా అవ్వా. ఏవి?"

సున్నం వేశానని గోడ చూపించాను.

"అయి మా అమ్మ చేతులు. కొత్త వడ్లు ఇంటికొచ్చిన్నాడు బియ్యప్పిండిల ముంచి పెట్టేది. చిన్నయి రెండు నాయి."

అక్క ఊరుకోలేక, "మేకొద్దన్నవు గానీ సున్నమొద్దనలే గదా బిడ్డా," అంది.

"సున్నమేస్తరని నాకేమెరుక? మేమెన్నడన్న ఏస్తిమా?"

ఆ ఇంటికి ఏది నష్టమో నాకు తెలుసనుకున్నాను. తడిగుడ్డ తెచ్చి గోడ మీద రుద్దాను. సున్నంతో పాటు ఎర్రమట్టీ ఊడి వచ్చింది. మళ్ళీ రుద్దబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఏంది అవ్వా, ఆపు. అమ్మ చెయ్యి గుడ్డకొస్తాంది."

గుడ్డ కింద పెట్టేశాను. ఆమె గోడంతా తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళింది. సున్నం వేసిననాడు నేను ఆ తలుపు బార్లా తీసి, కదలకుండా నూకల డబ్బా ఆనించాను. రెక్క వెనకున్న గోడకు కుంచె అందలేదు. ఆమె డబ్బా జరిపి రెక్క లాగింది.

అక్కడ ఇంకో చెయ్యి ఉంది, నా లెక్కలోకి రానిది. పెద్దది, ఐదు వేళ్ళూ ఉన్నాయి.

ఆమె దాన్ని తాకలేదు. తన అరచేతిని దాని ఎదురుగా, వేలెడు దూరంలో నిలిపి చూసుకుంది. ఆమె చేతి వెనుక తల్లి చెయ్యి మొత్తం దాగిపోయింది.

"అమ్మ చెయ్యి ఇంత చిన్నదా," అంది.