తిప్పని కాగితం

నా చిన్నప్పుడు మెదక్‌లో మా వాడకట్టు ఆడవాళ్లకు నవల అంటే చదివేది కాదు, వినేది. మధ్యాహ్నం వంటలు ముగించుకొని అందరూ మేం ఖాలా అని పిలిచే ఎదురింటి ముస్లిం పెద్దామె అరుగు మీద చేరేవారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతుంటాయి, చెవులు మాత్రం ఖాళీ. వాటిని నింపే పని నాది. ఏడో తరగతి చదివేదాన్ని. గుక్క తిప్పుకోకుండా చదవగలిగేది ఆ వాడకట్టు మొత్తంలో నేనొక్కదాన్నేనని నాకు మహా గర్వం.

కిరాయి పుస్తకాల దుకాణం నుంచి ఒకసారి దెయ్యం నవల అనుకొని తెచ్చాను. తీరా చూస్తే అంతరిక్షం కథ. ఒక ఇంజనీరు రాకెట్‌లో వానే పడని ఏదో దూరపు గ్రహానికి పోతాడు. అక్కడ యంత్రం చెడిపోతుంది. ఇక్కడ అతని భార్య రేడియో ముందు కూర్చొని, అతని మాట కోసం ఎదురుచూస్తుంది. మొదటి రోజు అందరూ నన్ను తిట్టారు. మూడో రోజుకు ఆ గ్రహం మీద పడ్డారు. వానే లేకపోతే తునికి చెట్టు ఎట్లా మొలుస్తుందని ఒకామె అడిగింది. "ఆకు లేదు, తంబాకు లేదు, గక్కడ ఆడోళ్లు ఏం చేసి బతుకుతున్నరే?" అని ఇంకొకామె జాలిపడింది.

పక్కింటి అక్క మాత్రం తల వంచుకొని బీడీలు చుడుతూ వినేది. ఆమె భర్త దుబాయి పోయి ఏడాది దాటింది, మూడు నెలలుగా ఉత్తరం లేదు. మా వీధి చివర కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూత్‌కు రోజూ పొద్దున్నే పోయి, ఫోన్ వచ్చిందా అని అడిగి వచ్చేది. కథలో రేడియో మాట రాగానే ఆమె చేతిలో ఆకు ఆగిపోయేది.

చివరికి రాకెట్ బాగయింది, ఇంజనీరు మీట నొక్కాడు. ఆ తర్వాత పేజీల్లేవు. ఎవరో మహానుభావుడు చింపుకుపోయాడు! తలెత్తితే అక్క నా నోటివైపే చూస్తోంది. ఇంకేముంది, కళ్లు పుస్తకంలోనే పెట్టి నోటికొచ్చింది చదివేశాను. ఇంజనీరు దిగాడు, భార్య ఎదురుపోయింది, ఇద్దరూ ఏడ్చారు. అక్క కూడా ఏడ్చింది. ఆ పూట అందరికీ తనే చాయ్ పెట్టి ఇచ్చింది, నాకు రెండు బిస్కెట్లు ఎక్కువ.

అందరూ లేచిపోయాక ఖాలా నన్ను ఆపింది. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు.

"ఆఖర్ల గంత కథ చదివినవ్ గదా బేటీ, ఒక్క కాయిదం గూడ తిప్పలేదేంది?" అంది మెల్లగా.

నేను పుస్తకం మూసి ఒళ్లో దాచుకున్నాను. ఆమె తిట్టలేదు. నా తల నిమిరి, "నీ దిల్ మంచిదే. గని నీ కథ నమ్మి రేపటి సంది ఆమె బూత్ కాడ్నే కూసుంటది. అప్పుడేం చెప్తవ్? తెల్వనిది తెల్వదని చెప్పు," అంది.

మరునాడు చినిగిన చోటు అందరికీ చూపించాను. అక్క ముఖం చూసే ధైర్యం లేక పుస్తకం ఆమె చాటలోనే పెట్టేశాను. ఆమె ఆ అంచును వేలితో తడిమింది. ఇక నన్ను చదవమనరేమోనని ఏడుపొచ్చింది.

"రాకుంటే ఏమాయె? ఇంకో రాకెట్ చేపిచ్చుకొని ఆమెనే పోతది," అంది అక్క ఉన్నట్టుండి. "రేడియో ముంగట ఎన్నొద్దులు కూసుంటది?"

అందరూ పకపకా నవ్వారు. ఆ రాకెట్‌లోకి జొన్నరొట్టెలు ఎన్ని కట్టుకోవాలన్నదాని మీద వాదన పడింది.

ఆ వారమే అక్క చేగుంట బస్సెక్కింది. భర్తతో కలిసి దుబాయి పోయినవాళ్ల ఇల్లు వెతికి పట్టుకొని, సంగతి కనుక్కొని వచ్చింది. చెయ్యి విరిగి దవాఖానలో ఉన్నాడట, రాయలేకపోయాడట. మనిషి బతికే ఉన్నాడని ఆమె ముందు ఖాలాకే చెప్పింది.

ఇప్పుడు నేను పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్లు అడిగినదానికి జవాబు తెలియనప్పుడు నోటిదాకా ఏదో ఒకటి వచ్చేస్తుంది. అప్పుడు ఖాలా నా చేతులవైపు చూస్తున్నట్టే ఉంటుంది. "గీ పేజీ నా దగ్గర లేదు బిడ్డలూ. ఏమయ్యుంటదో మీరే చెప్పుండ్రి," అంటాను.